బదులొచ్చేంత దూరం

“ఒలే పైడీ, ఆ గదిలోకి ఎల్లినదానివి ఎల్లినట్టే తిరిగొస్తావు గదేటే?”

వాకిట్లో చెప్పులేసుకుంటున్న కూతుర్ని అడిగేసి, నూకరత్నం వెంటనే నాలుక కరుచుకుంది. గడప దాటుతున్న మనిషిని వెనక నుంచి ఏదీ అడక్కూడదని రాళ్ళరేవులో ప్రతి ఆడదానికీ తెలుసు. మొగుడు చేపల వేటకెళ్ళిన అన్నేళ్ళూ ఆమె ఒక్కనాడు కూడా ఎప్పుడొస్తావని అడగలేదు. అడగాలనిపించినవన్నీ లోపలే కుక్కుకుని, ఆయన పడవ కనబడేదాకా పొయ్యి ముందు కూర్చునేది. ఇప్పుడాయన లేడు. లోపల కుక్కుకోవడానికి చోటూ మిగల్లేదు. అంచేత ఈ మధ్య భయాలన్నీ నోటికే వచ్చేస్తున్నాయి.

పైడితల్లి బదులు చెప్పలేదు. వెనక్కి తిరిగి, తల్లి చెంప మీద రెండు వేళ్ళు ఆనించి, నవ్వి, కొండ మీదికెళ్ళే జీపెక్కింది. నవ్వు బదులెలా అవుతుందని నూకరత్నం ఆ రోజంతా మథనపడింది.

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది గానీ భయం ఎక్కడా ఆగలేదు. ఎవరైనా తలుపు కొడితే చావు కబురేమో అనుకుంటుంది. ఎవరూ కొట్టకపోతే అంతకంటే పెద్ద కబురు దాస్తున్నారనుకుంటుంది. “నీకు భయపడ్డానికి ఏటీ దొరక్కపోతే అదో భయమే ఒదినా” అని పొరుగింటి కాసులమ్మ ఎప్పుడూ ఏడిపిస్తూంటుంది. అలాంటి తల్లికి, ఉపగ్రహాల్లో పెట్టే గడియారాలు తయారుచేసే కూతురు పుట్టింది. ఊరి వెనక కొండ మీద ఉన్న ప్రయోగశాలలో పైడితల్లి ఇంజనీరు. గడియారాలు బాగుచేసే కొట్టా అని కాసులమ్మ అడిగితే, అలాంటిదే గానీ అవి ఆకాశంలో తిరుగుతాయని నూకరత్నం గొప్పగానే చెప్పింది. చెప్పి, దిష్టి తగులుతుందేమోనని ఇంటికొచ్చి ఉప్పు తిప్పి పోసింది.

ఆ గడియారాల మీద పైడితల్లికి ఎందుకంత పట్టుదలో ఊరందరికీ తెలుసు. ఆమె బళ్ళో చదువుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున సముద్రం మీద మంచు కమ్మింది. ఆమె తండ్రి ఎర్రయ్య పడవ తిరిగొస్తోంది. పడవలో ఉన్న యంత్రం రేవు నోరు ఎదురుగానే ఉందని చూపించింది. ఎర్రయ్య దాన్ని నమ్మి నడిపాడు. ఎదురుగా ఉన్నవి బండలు. ఒడ్డున ఆడవాళ్ళు కంచాలు వాయించారు. నూకరత్నం నడుం లోతు నీళ్ళలోకి దిగి “ఉన్నావా?” అని మొగుణ్ణి పిలిచింది. బదులు రాలేదు. మంచు విడిపోయాక పడవ పలకలు మాత్రం కొట్టుకొచ్చాయి.

తర్వాత చాలా ఏళ్ళకి, పెద్ద చదువు చదివి వచ్చిన పైడితల్లి తల్లిని ఇసుకలో కూర్చోబెట్టి చెప్పింది, యంత్రం అబద్ధం చెప్పలేదని. పైన ఉపగ్రహంలో గడియారం కాస్త వెనకబడిందట. ఎంత వెనకబడిందని నూకరత్నం అడిగింది. రెప్పపాటులో లక్షో వంతు అని కూతురు చెప్పింది. అంత చిన్న తప్పుకి అంత పెద్ద మనిషి పోయాడా అని ఆమె నీళ్ళకేసి చూసింది.

గడియారానికీ దారికీ సంబంధం ఏమిటో కూడా కూతురు తండ్రి అలవాటుతోనే చెప్పింది. మంచు కమ్మినప్పుడు ఎర్రయ్య ఇంజను ఆపేసి, పక్క పడవని ఒక్కసారి పిలిచేవాడు. పిలిచి ఊపిరి బిగబట్టి వినేవాడు. బదులు ఎంత ఆలస్యంగా వస్తే పడవ అంత దూరంలో ఉన్నట్టు. తొందరపడి రెండోసారి పిలవకూడదు. పిలిస్తే వచ్చిన బదులు ఏ పిలుపుదో తెలియక దూరం తప్పిపోతుంది. ఉపగ్రహాలూ అంతే, పైనుంచి పిలుస్తుంటాయి, పిలుపు ఎంత ఆలస్యంగా అందిందో చూసి పడవలో యంత్రం తన చోటు తెలుసుకుంటుంది. కాకపోతే వాటి పిలుపు వెలుగంత వేగంగా వస్తుంది, అంచేత వాటి గడియారం మన గడియారాల్లా ఉంటే సరిపోదు.

లెక్క తప్పని గడియారం కోసం కొండ మీద కట్టిన గదినే అక్కడివాళ్ళు నిమ్మళం గది అనేవారు. మామూలు అణు గడియారంలో అణువులు చలికీ వేడికీ అయస్కాంతానికీ కాస్త ఉలికిపడుతూనే ఉంటాయి. ఈ గదిలో వాటి ఉలికిపాటునే జోకొట్టి నిద్రపుచ్చే ఉపాయం కనిపెట్టారు. చివరి సవరింపు మాత్రం యంత్రం చేయలేదు, దాని అదురు దానికుంటుంది. మనిషి చెయ్యే చేయాలి. గాజుతో చేసిన మరని వెంట్రుకవాసి తిప్పి, గంటల తరబడి చూస్తూ కూర్చుని, మళ్ళీ వెంట్రుకవాసి తిప్పాలి. ఎంతమంది ప్రయత్నించినా గడియారం కుదుటపడలేదు. చిన్నప్పటి నుంచి వల అల్లిన పైడితల్లి వేళ్ళకి కుదుటపడింది.

ఆ గదిలో ఒక నియమం ఉంది. లోపలికి వెళ్ళినవాళ్ళు మాట్లాడకూడదు. గొంతు అదురుకి అణువులు ఉలిక్కిపడతాయి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదాకా ఒకరినొకరు ఏదీ అడగరు, ఎవరూ దేనికీ బదులు చెప్పరు. దానికంతా అలవాటుపడిపోయారు. అదే కొంప ముంచింది.

ముందు కనిపెట్టింది నూకరత్నం. ఆమె ఇంట్లో ప్రశ్నలకి కొదవ లేదు గదా. ఒక ఆదివారం నెత్తళ్ళ పులుసు వండి, పులుపు సరిపోయిందా అని అడిగింది. పైడితల్లి తింటూనే ఉంది. సరేలే అని, రేపు సెలవేనా అని అడిగింది. “సరిపోయిందమ్మా” అంది కూతురు. రేపు తలంటుకుంటావా అని అడిగితే “లేదు, వెళ్ళాలి” అంది. పరధ్యానమనుకుంది నూకరత్నం. తర్వాత చెవుడనుకుంది. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అమ్మాయి చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అప్పుడిక ఆమెకి నిజంగా భయం పట్టుకుంది. కూతురు గదిలో ఒక గడియారం ముగించి వచ్చిన ప్రతిసారీ బదులు ఇంకాస్త ఆలస్యమవుతోంది. మొదట గుటక వేసేంతసేపు. తర్వాత పళ్ళెం కడిగేంతసేపు. చారు పోస్తే, పోసిన చాలాసేపటికి చెయ్యి అడ్డం పెట్టి చాలంటోంది. గోడ పక్కన బిందె పెడితే, అంతకుముందున్న ఖాళీలోకి నడిచినట్టే నడిచి తన్నుకుంటోంది.

చివరికి ఒకరోజు తల్లే ఆమెని ఇసుకలోకి తీసుకెళ్ళి, చేతికందేంత దగ్గర నిలబెట్టి, ఎర్రయ్య పిలిచినట్టు పిలిచింది.

“ఉన్నావా?”

పైడితల్లి అలల్ని చూస్తూ నిలబడి ఉంది. నూకరత్నం ఊపిరి బిగబట్టింది. ఒక అల వచ్చి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. ఎండ్రకాయ ఒకటి బొరియలోంచి పైకొచ్చి, అటూ ఇటూ తిరిగి, లోపలికి దూరింది. అప్పుడు కూతురు తల తిప్పింది.

“ఉన్నానమ్మా.”

తల్లి ముఖంలో ఏం కనబడిందో, అది కూతురికి అందడానికీ అంతసేపు పట్టింది. అందాక ఆమె ఇసుకలో కూర్చుంది. పిలిచి ఎంతసేపైందని అడిగింది. తల్లి చెప్పింది. చెప్పింది అందేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తర్వాత పైడితల్లి చాలా నెమ్మదిగా అంది, “నేను మందగించలేదే అమ్మా. దూరమయ్యాను.”

మర్నాడు ప్రయోగశాల పెద్ద, డాక్టర్ ఇందుశేఖరం గారు ఇంటికొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా చేతిలోనే పట్టుకున్నారు. ఏం జరిగిందో ఆయన దాచలేదు. గడియారం తన ఆలస్యాన్ని వదిలేసినప్పుడు అది గాలిలో కలిసిపోతోందనుకున్నారట. అది మర మీదున్న చేతిలోకి పోతోంది. కళ్ళు చూసిందీ చెవులు విన్నదీ ఒళ్ళు తాకిందీ ఆ మనిషికి వెంటనే అందడం లేదు. అందాక మాత్రం అందరిలాగే ఉంటుంది, మాట తడబడదు, అడుగు తడబడదు.

“తప్పు మాదేనమ్మా,” అన్నారాయన. “ఆ గదిలో మేం ఒకరినొకరం ఒక్కమాట అడిగి ఉంటే మొదట్లోనే తెలిసేది. అడక్కపోవడమే మా గొప్ప అనుకున్నాం.”

తగ్గుతుందా అని నూకరత్నం అడిగింది. పెరగకుండా ఆపగలం, గదికి తాళం వేస్తే చాలు అని ఆయన చెప్పారు. తగ్గించడం తెలియదన్నారు. వేయండి మరి తాళం, ఇంకా ఎదురుచూస్తున్నారేమిటని ఆమె అడిగింది. ఆయన పైడితల్లి కేసి చూసి తల దించుకున్నారు.

ఒక్క గడియారం మిగిలింది. పైకి పంపాల్సిన వాటిలో చివరిది, ఈ తీరం మీదుగా తిరిగే ఉపగ్రహంలో పెట్టాల్సింది. అది లేకపోతే మిగతావి చెప్పే చోటు కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. పాతవేమో ఒకటొకటిగా వెనకబడుతున్నాయి. చెయ్యమని నేను చెప్పను, ఎవరూ చెప్పరు అని ఇందుశేఖరం గారు రెండుసార్లు అన్నారు. ఆయన వెళ్ళిపోయాక కూడా పైడితల్లి కుర్చీకేసే చూస్తూ ఉంది. ఆయన మాట ఆమెకింకా అందలేదు. ఆమె ఏమనుకుంటుందో నూకరత్నానికి మాత్రం అప్పటికే తెలిసిపోయింది.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళు పోట్లాడుకున్నారు. అలాంటి పోట్లాట పగవాళ్ళకి కూడా రాకూడదని నూకరత్నం తర్వాత చాలాసార్లు అనుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, కూతురి ముందు నిలబడి, కడుపులో ఉన్నదంతా కక్కింది.

“ఆ గడియారమే మీ అయ్యని మింగీసింది. నిన్ను కూడా దాని నోట్లో పెట్టమంటావేటే? నాను రాయినేటే? కన్నందుకు ఒక్కదాన్నయినా దగ్గరుంచుకోకూడదేటి?”

పైడితల్లి హాయిగా జడ అల్లుకుంటోంది. పెదవుల మీద ఏదో పాట కూడా ఉంది. ఆ పాట చూడలేక నూకరత్నం పెరట్లోకి వెళ్ళి చేపలు తోముతూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కోపం కరిగిపోయింది. పిల్లదాన్ని అన్ని మాటలు అనకుండా ఉండాల్సిందనుకుని, చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి, సగం అల్లిన జడ వదిలేసి కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది. తల్లి కోపం అప్పుడే అందింది. నూకరత్నం గబగబా దగ్గరికి తీసుకుని, అయిపోయిందే, అదంతా అయిపోయింది, ఏడవకు అని తల నిమిరింది. ఆ చెయ్యి కూతురికి అందలేదు. ఒంటరిగానే ఏడ్చింది. ఏడుపు ఆగి, కళ్ళు తుడుచుకుని, ఎదురుగా ఎవరూ లేని చోటికి చూసి బదులు చెప్పింది.

“అయ్య పోయినరోజు నువ్వు నీళ్ళలో నిలబడి పిలిచావు గదే. అలా ఇంకొకర్తి పిలవకుండా చేసేది నా చేతిలో ఉంది. చేతులు కట్టుకుని కూర్చోమంటావా?”

చాలాసేపటికి, అన్నం వార్చి దించాక, ఎవరూ తాకని తల మీదికి చెయ్యి పోనిచ్చి పైడితల్లి చిన్నగా నవ్వింది. నిమిరిన చెయ్యి అప్పటికి అందింది.

వెళ్ళేముందు ఒక మాట తీసుకుంది కూతురు. ఈసారి ఎంత దూరం పడతానో ఎవరికీ తెలియదు, ఇది అన్నిటికంటే నిక్కచ్చి గడియారం, వదిలే ఆలస్యమూ పెద్దదే ఉంటుంది అంది. “నువ్వు ఒక్కసారే పిలు. పిలిచాక నోరెత్తకు. అయ్య చెప్పినట్టే. నేను ఎంత దూరంలో ఉన్నా బదులిస్తాను.”

ఆ ఒక్కసారికి ఏం అడగాలా అని నూకరత్నం రోజూ ఆలోచించింది. అడిగితే ఒకటే అడగాలి. ఆ బదులొచ్చేదాకా తను ఉంటుందో ఉండదో. నన్ను క్షమించు అనాలా? నువ్వు పుట్టినప్పుడు మీ అయ్య నిన్ను వల ఉయ్యాల్లో ఊపాడని చెప్పాలా? మంచిమాట ఒకటి ఎంచుకుని మనసులో పదేపదే అనుకుంది.

చివరి రోజున తల్లిని కూడా కొండ మీదికి రానిచ్చారు. అద్దం ఇవతల బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల కూతురు తెల్లబట్టల్లో, గాజు మర మీద రెండు వేళ్ళు ఆనించి కూర్చుని ఉంది. తన చెంప మీద ఆనించిన వేళ్ళే. మధ్యాహ్నం దాటాక లోపలున్న వాళ్ళందరూ ఒక్కసారిగా చేతులు పైకెత్తారు. చప్పట్లు లేవు, కేకలు లేవు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. గడియారం కుదుటపడింది. పైడితల్లి మాత్రం మర మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ముఖంలో సంతోషమూ లేదు, దిగులూ లేదు. దీపం అక్కడే ఉంది, వెలుగు లేదు. ఇందుశేఖరం గారు దగ్గరికి వెళ్ళి, ఆ వేళ్ళని ఒక్కొక్కటే మర మీద నుంచి విడదీశారు.

జీపులో ఇంటికి తీసుకొచ్చారు. నూకరత్నం ముందుగా దిగి, లోపలికెళ్ళి, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఇద్దరు మనుషులు పైడితల్లిని గడప ముందుకి నడిపించుకొచ్చారు. ఎంచుకున్న మంచిమాట ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది నీళ్ళలో నిలబడినప్పటి మాటే.

“పైడీ... ఉన్నావా?”

అని, నోరు మూసుకుంది.

బదులు ఆ పూట రాలేదు. ఆ వారం రాలేదు. చలి వచ్చి పోయింది, ఎండలొచ్చాయి. పైడితల్లి మంచం మీద కూర్చోబెడితే కూర్చునేది, నోట్లో ముద్ద పెడితే మింగేది. రెప్పలు వాల్చేది. అంతకుమించి లేదు. గడియారం కుదుటపడిన క్షణంలోనే ఆమె ఆగి ఉంది, ఆ తర్వాతది ఏదీ ఆమెకింకా చేరలేదు. ఎప్పటికి చేరుతుందో ఇందుశేఖరం గారు లెక్కకట్టలేకపోయారు. రేపు కావచ్చన్నారు. మనం ఉండగా కాకపోవచ్చన్నది ఆయన అనలేదు గానీ నూకరత్నం వినేసింది. నిమ్మళం గదికి తాళం వేసేశామని, ఇక ఎవరినీ అందులోకి పంపమని ఆయన చెప్పి వెళ్ళారు.

నోరు మూతపడని మనిషి ఆ ఇంట్లో నోరెత్తడం మానేసింది. మాట్లాడాల్సి వస్తే వీధిలోకి వెళ్ళేది. కూతురికి తల దువ్వుతున్నప్పుడు, నలుగు పెడుతున్నప్పుడు, భయాలన్నీ గొంతు దాకా వచ్చి ఆగేవి. మింగేసేది. తన పిలుపుకీ దాని బదులుకీ మధ్య ఇంకో మాట పడకూడదు. “నీ నోరు మూయించడానికి ఇంత పని కావలసొచ్చిందా ఒదినా” అని కాసులమ్మ అరుగు మీద కూర్చుని వేళాకోళం చేయబోయింది. చేయబోయి, కొంగు నోట్లో కుక్కుకుని తనే ఏడ్చింది.

ఆ చివరి గడియారం పైకెళ్ళాక, మరుసటి చలికాలంలో ఒక పొద్దున మళ్ళీ మంచు కమ్మింది. ఎదుటి మనిషి కనబడనంత మంచు. పడవలన్నీ సముద్రం లోపలే ఉన్నాయి. నూకరత్నం అలవాటు కొద్దీ కంచం, గరిటె పట్టుకుని ఒడ్డుకి పరుగెత్తింది. అక్కడ ఎవరి చేతిలోనూ కంచం లేదు. ఆడవాళ్ళు బుట్టల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మంచులోంచి ఒక పడవ ముక్కు పొడుచుకొచ్చింది. దాని వెనక ఇంకొకటి. గీత గీసినట్టు రేవు నోట్లోకి ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగాయి. బండలు ఎక్కడున్నాయో చూడాల్సిన పనే లేకపోయింది ఎవరికీ. చేపల బేరం మొదలైంది.

కంచం కొంగులో దాచుకుని నిలబడిన నూకరత్నానికి ఒక్క క్షణం పాడుబుద్ధి పుట్టింది. ఒక్క పడవ తప్పిపోయినా, ఆ గడియారం పనికిరాదని తేలినా, తన పిల్లని తనకి తిరిగిచ్చేస్తారేమో అనిపించింది. అనిపించినందుకు చెంపలు వాయించుకుంది. చివరి పడవ కూడా వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

కాసులమ్మ కొడుకు, గురువులు అనేవాడు, ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఆ ఇంట్లో మాట్లాడకూడదని వాడికి తెలుసు. వేటలో పడ్డ పెద్ద వంజరం చేపని గడప మీద పెట్టి, లోపల మంచం మీదున్న పైడితల్లికి చేతులు జోడించి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ చేపని విసిరి పారేద్దామనుకుంది నూకరత్నం. కాసేపటికి కోసి, పైడితల్లికి ఇష్టమైనట్టు మిరియాలు దట్టించి వేపుడు చేసి, ముళ్ళు తీసి ముద్ద ముద్దగా నోట్లో పెట్టింది. ఈ రుచి ఈ పిల్లకి ఏనాటికి తెలుస్తుందో అనుకుంటూ, ఆ రోజు తనూ దాన్నే తింది.

మళ్ళీ వానలొచ్చాయి. నూకరత్నం జుట్టు ముందు వైపు పూర్తిగా తెల్లబడింది. ఒకరోజు మధ్యాహ్నం దాటాక ఆమె కూతురికి చిక్కు తీస్తోంది. ఒళ్ళో ఉన్న కూతురి కుడిచెయ్యి కదిలింది.

దువ్వెన ఆగిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, లేని మర ఒకదాన్ని పట్టుకుని, వెంట్రుకవాసి తిప్పాయి. ఆగాయి. తర్వాత పైడితల్లి ముఖం నిండా నవ్వు పరుచుకుంది. ఆ రోజు అద్దం వెనక అందరూ చేతులెత్తినప్పుడు ఆమె ముఖంలో రావాల్సిన నవ్వు, ఇప్పుడొచ్చింది.

నూకరత్నం కేక పెట్టలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. చూస్తూండగానే కూతురి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, ఎవరో విడదీస్తున్నట్టు. భుజాలు లేచాయి. మనిషి నిలబడింది. పడిపోకుండా తల్లి నడుం పట్టుకుంది. కాసేపటికి ఒళ్ళు ఒకవైపు ఒరిగింది, తర్వాత రెండోవైపు ఒరిగింది. కొండ దారి మలుపులు. ఆ జీపులో పక్కనే కూర్చుని వచ్చింది గనక ఏ మలుపు ఏదో నూకరత్నానికి తెలుస్తోంది. తన పిల్ల ఇంటికొస్తోంది.

ఆమె కాసులమ్మని సైగ చేసి పిలిచింది. గురువులు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ అర్థం చేసుకుని, పైడితల్లిని మెల్లగా బయటికి నడిపించి, గడప ముందు ఆ రోజు నిలబడిన చోటే, ఆ రోజులాగే లోపలి వైపు చూసేట్టు నిలబెట్టి చెరో పక్కా పట్టుకున్నారు. నూకరత్నం లోపలికెళ్ళి పెట్టె తెరిచి, ఆ రోజు కట్టుకున్న నీలం చీర తీసి కట్టుకుంది. తెల్లజుట్టు కనబడకుండా కొంగు కప్పుకోబోయి, అదంతా ఈ పిల్లకి ఇప్పుడు కనబడదు గదా అని గుర్తొచ్చి వదిలేసింది. కూతురు చూసేది ఆనాటి అమ్మని. ఈ జుట్టు కనబడటానికి మళ్ళీ ఇంత కాలం పట్టాలి. అప్పటికి ఇదెంత తెల్లబడుతుందో.

వచ్చి తలుపు చెక్క పట్టుకుని, అదే చోట నిలబడింది. వీధిలో జనం పోగయ్యారు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

పైడితల్లి కళ్ళు అటూ ఇటూ తిరిగి, తలుపు చెక్క దగ్గరికొచ్చి, తల్లి ముఖం మీద ఆగాయి. ఇన్నాళ్ళకి ఆ కళ్ళలో మనిషి ఉంది. నూకరత్నం పెదవుల్ని పళ్ళ కింద నొక్కిపెట్టింది. పిలిచేశాను, ఇక నోరెత్తకూడదు, అనుకుంది. పిలుపు దారిలో ఉంది. వస్తూ ఉంది.

కూతురు చెవి ఒగ్గినట్టు తల కాస్త వంచింది. నొసలు ముడిపడి, విడింది.

“ఉన్నానమ్మా,” అంది పైడితల్లి. “ఈసారి బాగా దూరం పడ్డట్టున్నాను. నువ్వు పిలిచి ఎంతసేపైందే?”